చందమామ ఎవరి సొత్తు? జరిగిన చరిత్ర, జరగని చరిత్ర

1

చరిత్రలో "అలా కాకపోయి ఉంటే" అన్న మాటకు చోటు లేదని చాలామంది పెద్దలు అన్నారు. ఇ.హెచ్. కార్ 1961లో వెలువడిన 'చరిత్ర అంటే ఏమిటి?' అనే గ్రంథంలో ఇటువంటి ప్రశ్నల్ని ఊసుపోక ఆడే ఆట కింద జమకట్టాడు. జరిగినదానికి కారణాలు వెతకడం చరిత్రకారుడి పని గాని, జరగనిదాన్ని తలుచుకుని వగచడం కాదని ఆయన ఉద్దేశం. కాని అంతకు అరవై ఏళ్ళ ముందే, 1898లో, ప్లెఖనోవ్ చరిత్రలో వ్యక్తి పాత్రను చర్చిస్తూ సరిగ్గా ఈ ప్రశ్ననే సాధనంగా వాడుకున్నాడు. నెపోలియన్ పైకి రాకముందే ఏదో యుద్ధంలో చనిపోయి ఉంటే ఏమయ్యేది? మరొక సేనాని ఆ స్థానానికి వచ్చేవాడు, సంఘటనల ముఖం కొంత మారేది, వాటి దిశ మారేది కాదు అని ఆయన తేల్చాడు. అంటే "అలా కాకపోయి ఉంటే" అన్న ప్రశ్న అడగడంలో తప్పు లేదు. దాన్ని కలలు కనడానికి వాడుతున్నామా, జరిగినదానిలో ఏది అనివార్యమో, ఏది ఎవరో కొందరు చేసిన ఎంపికో విడదీయడానికి వాడుతున్నామా అన్నదే చూడాలి.

తెలుగువాళ్ళు ఈ ప్రశ్న అడగవలసిన విషయం ఒకటి ఉంది. అది 'చందమామ' పత్రిక. 2007లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ దాన్ని కొన్నది. ఆరేళ్ళు తిరక్కుండానే పత్రిక ఆగిపోయింది. దీన్ని గురించి మనవాళ్ళు రాసినవన్నీ దాదాపు నిట్టూర్పులే. బాల్యం పోయింది, బొమ్మలు పోయాయి, ఆ రోజులే వేరు అని. నిట్టూర్పు విమర్శ కాదు. పోయినది ఏమిటి, అది ఎవరి చేతిలోంచి పోయింది, అసలు ఎవరి చేతిలో ఉండేది అన్న విచారణ కావాలి.

2

ముందు జరిగినది చూద్దాం. దేశానికి స్వాతంత్ర్యం రావడానికి నెల ముందు, 1947 జులైలో, బి. నాగిరెడ్డి, చక్రపాణి మద్రాసులో చందమామను తెలుగులోను, అదే సమయంలో అంబులిమామ పేరుతో తమిళంలోను ప్రారంభించారు. క్రమంగా అది డజను భాషలకు పాకింది. 1952 నుంచి 1980లో చనిపోయేదాకా కొడవటిగంటి కుటుంబరావు దాన్ని నడిపించాడు. అదే 1952లో దాసరి సుబ్రహ్మణ్యం ఆ కార్యాలయంలో చేరి, అర్ధశతాబ్దం పైగా అక్కడే పనిచేశాడు. చిత్ర, వడ్డాది పాపయ్య, శంకర్ బొమ్మలు వేశారు. చెట్టుమీంచి శవాన్ని దించి భుజాన వేసుకుని కత్తి చేతబట్టి నడిచే విక్రమార్కుడి బొమ్మ శంకర్‌ది. ఆ బొమ్మ చూడగానే గుర్తుపట్టనివాడు రెండు మూడు తరాల తెలుగువాళ్ళలో అరుదు.

చక్రపాణి 1975లో, చిత్ర 1978లో, కుటుంబరావు 1980లో పోయారు. 1998లో కార్మిక వివాదం ముదిరి పత్రిక ఆగింది. 1999 చివర బయటి మదుపుదారుల డబ్బుతో కొత్త కంపెనీగా మళ్ళీ బయలుదేరింది. ఇక్కడ ఒక మార్పును గమనించాలి. అంతవరకు చందమామ ఒక ముద్రణాలయానికి, ఒక సినిమా సంస్థకు తోబుట్టువు. దాని యజమానులు లాభం చూసుకునేవాళ్ళే అయినా పుస్తకం ఎలా అచ్చవుతుందో తెలిసినవాళ్ళు. 1999 తరువాత అది వాటాల మొత్తం. వాటా అన్నది అమ్మడానికే పుడుతుంది.

2007లో డిస్నీ సంస్థ దాన్ని తీసుకోబోతోందని వార్తలు వచ్చాయి. చివరకు కొన్నది ముంబైకి చెందిన జియోడెసిక్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ. 94 శాతం వాటా, సుమారు 10 కోట్ల రూపాయలు. సెల్‌ఫోన్లలో కబుర్లు పంపుకునే 'ముందు' అనే సాధనం ఆ కంపెనీ తయారుచేసిన సరుకుల్లో పేరున్నది. అరవై ఏళ్ళ కథాభాండారాన్ని ఇంటర్నెట్‌కు, సెల్‌ఫోనుకు, కదిలే బొమ్మలకు ఎక్కించాలన్నది ఆలోచన. కొంత పని జరిగింది కూడా. పాత సంచికల్ని స్కాన్ చేసి అందరూ చదువుకునేలా పెట్టారు. 2008లో అరవై ఏళ్ళ పండుగ చేశారు.

అయితే అదే 2008లో ఆ కంపెనీ విదేశీ బాండ్ల ద్వారా 10 కోట్ల డాలర్లకు పైబడిన అప్పు తెచ్చింది. 2013 జనవరిలో ఆ అప్పు తీర్చవలసిన రోజు వచ్చింది. తీర్చలేకపోయింది. కంపెనీ మూతకు బొంబాయి హైకోర్టు ఆదేశించింది. ఆ కాలంలోనే చందమామ అచ్చు ఆగింది. కొంతకాలానికి వెబ్‌సైటు కూడా మాయమైంది. 2019 జనవరిలో పత్రిక మేధాసంపత్తిని అమ్మి అప్పులవాళ్ళకు జమకట్టడానికి కోర్టు దారి ఇచ్చింది. బేతాళుడు, విక్రమార్కుడు, రాకాసిలోయ, పాతాళదుర్గం అన్నీ జప్తు ఆస్తి జాబితాలో చేరాయి.

ఈ వరసలో చందమామకు చదివేవాళ్ళు లేక చావలేదని స్పష్టంగా ఉంది. పిల్లలు చదవడం మానేశారు కనక పత్రిక పోయింది అనేవాళ్ళు బాండ్ల సంగతి మరిచిపోతున్నారు. పాఠకులు తగ్గిన మాట నిజమే. కాని తగ్గిన పాఠకులు పత్రికను బక్కచిక్కిస్తారు. కోర్టు మెట్లెక్కించేది అప్పు. చందమామలోని ఏ కథకూ, ఏ పిల్లవాడికీ సంబంధం లేని అప్పు.

3

ఇప్పుడు ఆ ఆస్తిని తయారుచేసినది ఎవరో చూద్దాం. 1954లో వచ్చిన 'తోకచుక్క' మొదలుకొని 'మకరదేవత', 'ముగ్గురు మాంత్రికులు', 'కంచుకోట', 'జ్వాలాద్వీపం', 'రాకాసిలోయ', 'పాతాళదుర్గం', 'శిథిలాలయం', 'రాతిరథం', 'యక్షపర్వతం', 'మాయాసరోవరం', 'భల్లూక మాంత్రికుడు' దాకా డజను సీరియళ్ళు దాసరి సుబ్రహ్మణ్యం రాశాడు. ఖడ్గవర్మ, జీవదత్తుడు ఆయన సృష్టి. శిఖిముఖి, విక్రమకేసరి ఆయన సృష్టి. జయశీలుడు, సిద్ధసాధకుడు ఆయన సృష్టి. పురాణంలోంచి ఎత్తుకొచ్చినవాళ్ళు కారు వీళ్ళు. ఒక పెద్ద ఊహాలోకం, దానికి సొంత భూగోళం, సొంత జంతుజాలం, సొంత తెలుగు. నెలనెలా లక్షల ఇళ్ళలోకి వెళ్ళిన ఆ లోకం మీద కర్త పేరు లేదు. బొమ్మ కింద చిత్రకారుడి సంతకం ఉండేది. సీరియల్ కింద రచయిత పేరు ఉండేది కాదు. పత్రికను మూడు దశాబ్దాలు తీర్చిదిద్దిన కుటుంబరావు పేరు సంపాదకుడిగా ఎన్నడూ అచ్చు కాలేదు.

కుటుంబరావు నిరాడంబరుడని, సుబ్రహ్మణ్యం కీర్తి కోరలేదని దీనికి సమాధానం చెప్పడం మనకు అలవాటు. వ్యక్తి గుణాన్ని వ్యవస్థకు సంజాయిషీగా ఇవ్వడం ఇది. నేతగాడు చీరమీద పేరు నేసుకోడు, మగ్గం యజమాని ముద్ర వేస్తాడు. పేరు లేకపోవడం వినయం కావచ్చు. కాని పేరు లేని శ్రమ అమ్మకానికి సులువైన సరుకు. సరుకు చేతులు మారేటప్పుడు చేసినవాణ్ణి అడగనక్కరలేదు. 2007లో 10 కోట్లు చేతులు మారినప్పుడు సుబ్రహ్మణ్యం బతికే ఉన్నాడు. అంతకు ఏడాది ముందుదాకా ఆయన ఆ కార్యాలయంలో ఉద్యోగి. 2010లో చనిపోయాడు. ఆయన సీరియళ్ళు ఆయన పేరుతో పుస్తకాలుగా రావడానికి అభిమానులు పూనుకోవలసివచ్చింది.

4

సరిగ్గా ఇటువంటి సందర్భమే పోలండులో వచ్చింది. ఆంద్రే సప్కోవ్‌స్కీ అనే రచయిత రాక్షసుల్ని వేటాడే 'విచర్' కథలు రాశాడు. వాటిమీద ఆట తయారుచేసుకునే హక్కును సీడీ ప్రాజెక్ట్ అనే వీడియో గేముల సంస్థకు ఒక్కమొత్తానికి అమ్మేశాడు. ఆట ఆడదని ఆయన అనుకున్నాడు. ఆడింది. 2015లో వచ్చిన మూడో ఆట ప్రపంచమంతా అమ్ముడుపోయింది. 2018 అక్టోబరులో ఆయన 6 కోట్ల జ్లోటీలు ఇమ్మని నోటీసు పంపాడు. రచయితకు ఇచ్చినదానికి, కంపెనీ సంపాదించినదానికి పొంతన లేనప్పుడు అదనంగా అడగవచ్చునని పోలండు చట్టంలో ఒక నిబంధన ఉంది. 2019 డిసెంబరులో కంపెనీ ఆయనతో కొత్త ఒప్పందం చేసుకుంది.

ఆ రచయిత గొప్పవాడని కాదు, అమాయకంగా అమ్ముకున్నవాడే. కాని ఆయనకు రెండున్నాయి. పుస్తకంమీద పేరు, చట్టంలో ఒక వాక్యం.

మన చట్టంలోనూ ఒక వాక్యం ఉంది. 1958 జనవరి నుంచి అమలులోకి వచ్చిన కాపీరైటు చట్టం, 17వ సెక్షన్. పత్రికలో ఉద్యోగిగా రాసిన రచనమీద, విరుద్ధమైన ఒప్పందం లేకపోతే, పత్రికలో ప్రచురించుకునే మేరకే యజమానికి హక్కు. తక్కిన అన్ని విషయాల్లోనూ మొదటి హక్కుదారు రచయితే. ఈ మాట మరొకసారి నెమ్మదిగా చదవాలి. పుస్తకం, నాటకం, సినిమా, ఆట ఇవన్నీ "తక్కిన విషయాలు". 'రాకాసిలోయ', 'పాతాళదుర్గం', 'శిథిలాలయం', 'యక్షపర్వతం' ఈ చట్టం వచ్చాక అచ్చయినవే. అదే చట్టం 57వ సెక్షన్ ప్రకారం, హక్కులు అమ్మేసుకున్నా సరే, ఈ రచన నాది అని చెప్పుకునే హక్కు రచయితకు పోదు.

అంటే చట్టం కాగితంమీద దాసరి సుబ్రహ్మణ్యం పక్షాన నిలబడింది. ఆయన పక్కన నిలబడనిది ఎవరు? ప్రచురణకర్తల సంగతి సరే. రచయితల సంఘాలం మనం. 1943లో తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం పుట్టింది. చక్రపాణిదీ, కుటుంబరావుదీ ఆ తెనాలి ప్రాంతమే. శ్రామికుడి హక్కును గురించి మన సంఘాలు చేసిన తీర్మానాలు బోలెడు. రచయిత కూడా శ్రామికుడే, అతనికీ మస్టరు, జీతం, ఒప్పందం ఉంటాయి, ఆ ఒప్పందంలో ఏముందో చదవాలి అన్న ఆలోచన మన ఎజెండాలో వెనకబెంచీలో కూర్చుంది. పిల్లల పత్రిక రచయిత అయితే అక్కడకూడా చోటు లేదు.

5

ఇక జరగని చరిత్రకు వద్దాం. 2007లో చందమామను కొన్నది నిజంగా వీడియో గేముల సంస్థే అనుకుందాం. డబ్బుకు కొదవ లేనిది, పని తెలిసినది అనుకుందాం. ఏమయ్యేది?

'యక్షపర్వతం' ఆట వచ్చేది. చిత్ర వేసిన గుహలు, శంకర్ వేసిన కోటలు మూడు కొలతల్లో కదిలేవి. బెంగుళూరులోనో, పుణేలోనో కొన్ని వందలమందికి పని దొరికేది. ఆట ఇంగ్లీషులో మాట్లాడేది. హిందీ రెండోది. తెలుగు, అమ్మకాల లెక్క కుదిరితే, తెర అడుగున అక్షరాలుగా వచ్చేది. ఖడ్గవర్మ కత్తికి ఒక వెల, కవచానికి ఒక వెల, చచ్చాక మళ్ళీ బతకడానికి ఒక వెల ఉండేది. అంతా బాగా అమ్మితే కంపెనీ అప్పు చేసి మరో పది కంపెనీల్ని కొనేది.

ఈ చివరి వాక్యం నా ఊహ కాదు. 2022 ఆగస్టులో ఎంబ్రేసర్ అనే స్వీడన్ గేముల సంస్థ మిడిల్ ఎర్త్ ఎంటర్‌ప్రైజెస్‌ను కొంటున్నట్లు ప్రకటించింది. టోల్కీన్ రాసిన 'హాబిట్', 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' నవలలమీద సినిమాలు, ఆటలు, బొమ్మలు చేసుకునే హక్కులు ఆ సంస్థవి. ఆ హక్కులు టోల్కీన్ బతికుండగా 1969లో ఒక సినిమా కంపెనీకి పోయాయి. 1976లో సాల్ జేంట్జ్ అనే నిర్మాతకు చేరాయి. అక్కడినుంచి గేముల సంస్థకు. ఆ సంస్థ వరసగా కొన్న కంపెనీల జాబితా చాలా పొడుగు. 2023 మే నెలలో 200 కోట్ల డాలర్ల ఒప్పందం ఒకటి తప్పిపోయేసరికి ఆ మేడ ఊగిపోయింది. 1993 నుంచి నడుస్తున్న వొలిషన్ అనే గేముల కార్ఖానా ఆ ఆగస్టులో మూతపడింది. వెయ్యిమందికి పైగా పనివాళ్ళు వీధిన పడ్డారు. ఇంత జరిగినా నవలలు చెక్కుచెదరలేదు. ఎందుకు? పుస్తక ప్రచురణ హక్కు రచయిత కుటుంబం అమ్ముకోలేదు. పుస్తకం వేరు, సరుకు వేరు అని ఒక గోడ మిగిలింది. చందమామకు ఆ గోడ లేదు. పత్రిక, కథలు, బొమ్మలు, పేరు, పాత సంచికలు అన్నీ ఒకే మూట. మూట మునిగితే అన్నీ మునిగాయి.

కనక ప్లెఖనోవ్ చెప్పినట్టే తేలుతున్నది. కొన్నవాడు ముంబై వాడైనా, అమెరికా వాడైనా, సాఫ్ట్‌వేర్ వాడైనా, గేముల వాడైనా ముఖం మారేది, దిశ మారేది కాదు. మంచి కొనుగోలుదారు దొరికి ఉంటే చందమామ బతికేది అన్నది మంచి జమీందారు దొరికితే రైతు బతికేవాడు అన్నంత అమాయకత్వం.

ఆటలమీద కోపంతో ఈ మాట అనడం లేదు. బేతాళ కథ నిర్మాణమే ఒక ఆట. రాజు మౌనంగా నడవాలి. బేతాళుడు కథ చెప్పి ప్రశ్న వేస్తాడు. జవాబు తెలిసి చెప్పకపోతే ప్రాణం పోతుంది, చెబితే మౌనభంగమై శవం చెట్టెక్కుతుంది. సరైన జవాబుకు ప్రతిఫలం మళ్ళీ మొదటికి రావడం! ఇంతకంటె చక్కని ఆట ఎవరు కనిపెట్టారు? కాని ఈ ఆటలో రాజు గెలుచుకునేది పాయింట్లు కాదు, న్యాయవిచక్షణ. దోషం ఎవరిది, త్యాగం ఎవరిది, అర్హత ఎవరిది అని తర్కించడం. పదేళ్ళ పిల్లవాడు రాజుకంటె ముందు జవాబు ఆలోచించి, కింద రాజు చెప్పినదానితో పోల్చుకునేవాడు. అది తెలుగులో హేతువాదానికి ఓనమాలు దిద్దించిన పాఠం. కుటుంబరావు వంటి హేతువాది ఆ చట్రాన్ని ఊరికే పట్టుకోలేదు. ఈ గుణం తెరమీద కూడా నిలబడవచ్చు. నిలబెట్టాలన్న అవసరం అమ్మేవాడికి ఉండదు, అంతే.

6

ఇక్కడ ఇంకొక చిక్కు ఉంది. బేతాళుణ్ణి అసలు అమ్మడానికి ఎవరికి హక్కు? ఇరవైఅయిదు బేతాళ కథలు 11వ శతాబ్దంలో కాశ్మీరంలో సోమదేవుడు రాసిన కథాసరిత్సాగరంలో ఉన్నాయి. దానికి మూలం గుణాఢ్యుడి బృహత్కథ. 1985లో రామానంద్ సాగర్ దూరదర్శన్‌లో విక్రమ్ బేతాళ్ చూపించినప్పుడు అవి ఎవరి సొత్తూ కావు, అందరివీ. ఆ ఉమ్మడి చట్రంలో కుటుంబరావు ప్రభృతులు కొన్ని వందల కొత్త కథలు పేర్చారు. చట్రం ప్రజలది, పూత రచయితలది, అమ్మకపు పత్రం కంపెనీది.

సోమదేవుడే గుణాఢ్యుడి గాథ చెప్పాడు. ఏడు లక్షల శ్లోకాల కథను గుణాఢ్యుడు పైశాచీ భాషలో రాసి శాతవాహన రాజుకు పంపితే, ఆ భాష పనికిరానిదని రాజు తోసిపుచ్చాడట. గుణాఢ్యుడు అడవిలో కూర్చుని ఒక్కొక్క పత్రం చదివి నిప్పులో వేస్తుంటే మృగాలు మేత మాని విన్నాయట. రాజు పరుగెత్తుకొచ్చేసరికి మిగిలినది లక్ష. గాథే కావచ్చు. కాని యజమాని విలువ కట్టేది భాషకు, జంతువులైనా చెవి ఒగ్గేది కథకు అన్న ఎరుక అందులో ఉంది. ఈ కాలంలో మంటలోంచి తీసినవాళ్ళు పాఠకులు. వెబ్‌సైటు మాయమైనప్పుడు పాత సంచికల్ని దాచి, స్కాన్ చేసి, ఒకరికొకరు పంచుకున్నది జీతం లేని అభిమానులు. చట్టం దృష్టిలో అది చోరీ కావచ్చు. చరిత్ర దృష్టిలో భాండాగారం.

మా మామిడికుదురు మండలంలో భూమి అడుగున సహజవాయువు ఉంది. 1995 జనవరి 8న పాశర్లపూడిలో బావి పేలి రెండు నెలలకు పైగా మండింది. 2014 జూన్ 27న నగరం గ్రామంలో గ్యాసు గొట్టం పేలి 20 మందికి పైగా చనిపోయారు. అడుగునున్నదాని విలువ దూరాన లెక్కకట్టబడుతుంది, పైనున్నవాళ్ళకు వేడి మిగులుతుంది. ఇది ఈ నేలకు బాగా తెలిసిన అర్థశాస్త్రం. భాష అడుగున పొరలు పొరలుగా ఉన్న కథలకు కూడా ఇదే అర్థశాస్త్రం వర్తిస్తోందని చెప్పడానికే ఈ ప్రస్తావన.

7

చందమామను దేవాలయం చెయ్యనక్కరలేదు. అందులో రాజులు, మంత్రులు, షాహుకార్లు, జమీందార్లు నిండి ఉన్నారు. మంచి జమీందారు న్యాయం చెబుతాడు, పేదవాడు నిజాయితీకి బహుమతి పుచ్చుకుని దణ్ణం పెడతాడు. కొబ్బరి దింపు కార్మికుడి కొడుకు, ఒలుపు కార్మికుడి కూతురు ఆ పేజీల్లో తమ ఇంటిని చూసుకోలేదు. దళితవాడ ఆ ఊళ్ళలో లేదు. ఈ విమర్శ న్యాయమైనదే, పదేపదే చెయ్యవలసినదే. అది పెట్టుబడి నడిపిన పత్రిక. నెలకో భాగాన్ని ఉత్కంఠ దగ్గర ఆపడం కూడా రాబోయే సంచికను అమ్ముకునే ఉపాయమే.

అయితే మాంత్రికులూ రాకాసులూ ఉన్నారు కనక అభివృద్ధి నిరోధకం అనే తీర్పు తొందరపాటు. 1934లో సోవియట్ రచయితల మహాసభలో గోర్కీ జానపద కల్పనను గురించి చెప్పినది మనం మరిచిపోకూడదు. ఎగిరే తివాచీ శ్రమించే మనిషి తన శ్రమ భారం తగ్గించుకోవాలని కన్న కల అని ఆయన వాదం. ఆ లెక్కన రాకాసిలోయ దాటే ఇద్దరు మిత్రులు పిల్లవాడికి నేర్పేది మూఢత్వం కాదు, భయాన్ని దాటడం, తోడును నమ్మడం. ఇవాళ మా తరగతి గదుల్లో గల్ఫ్ వెళ్ళిన తల్లి పంపిన సెల్‌ఫోను పట్టుకున్న పిల్లవాడు రాకాసుల్ని చంపుతూనే ఉన్నాడు. ఆ రాకాసులు ఎక్కడో తయారైనవి. వాటి పేర్లు తెలుగు నోటికి తిరగవు. ఊహకు ఆకలి తగ్గలేదు. వడ్డించే చెయ్యి మారింది, ఎంగిలిపడే భాష మారింది. ఈ పిల్లవాడు పుస్తకం చదవడని తిట్టేముందు, అతని చేతికి అందవలసిన తెలుగు ఊహాలోకాన్ని జప్తు జాబితాలోకి పోనిచ్చినవాళ్ళం మనమేనని గుర్తుపెట్టుకోవాలి.

8

ఇప్పుడు రెండో జరగని చరిత్ర. ఇది కొనుగోలుదారును మార్చి చూడడం కాదు, అమ్మకాన్నే ప్రశ్నించడం. 1998లో కార్మిక వివాదంతో పత్రిక ఆగినప్పుడు, మదుపుదారుల బదులు రచయితలు, చిత్రకారులు, ముద్రణ కార్మికులు కలిసి ఒక సహకార సంఘంగా దాన్ని తీసుకుని ఉంటే?

గాలిమేడ అనేవాళ్ళకు పక్క రాష్ట్రం సమాధానం చెబుతుంది. 1945లో కొట్టాయంలో 12 మంది మలయాళ రచయితలు 120 రూపాయల మూలధనంతో సాహిత్య ప్రవర్తక సహకరణ సంఘం పెట్టారు. రచయితకు 30 శాతం రాయల్టీ ఇచ్చిన ప్రచురణ సంస్థ అది. నేషనల్ బుక్‌స్టాల్ పేరుతో కేరళమంతా దుకాణాలు తెరిచింది. దానికీ ఒడుదుడుకులు వచ్చాయి, సంఘంలో తగాదాలు వచ్చాయి. కాని మలయాళంలో రచయిత తన హక్కు తాను ఎరిగినవాడుగా తయారయ్యాడంటే అందులో ఆ సంఘం పాలు పెద్దది. మద్రాసుకు, కొట్టాయానికి రైలు ఒక రాత్రి ప్రయాణం. ఆ దారి మనవాళ్ళు తొక్కలేదు.

తొక్కి ఉంటే చందమామ డజను భాషల్లో వర్ధిల్లి ఉండేదని నేను అనను. చిన్నదై ఉండేది. రెండు భాషల్లో, తక్కువ పేజీల్లో, అప్పుడప్పుడు ఆలస్యంగా వచ్చేది. కాని ఎక్కడో తెచ్చిన డాలర్ల అప్పుకు తాకట్టుగా ఉండేది కాదు. ఆట తయారుచేస్తామని ఎవరైనా వస్తే అమ్మే బదులు అనుమతి ఇచ్చేది. తెలుగులో కూడా ఉండాలని, దాసరి సుబ్రహ్మణ్యం పేరు మొదటి తెరమీద ఉండాలని షరతు పెట్టేది. ఇందులో మాయ ఏమీ లేదు. ఒక కాగితం, ఒక సంతకం, సంతకానికి ముందు చదివే ఓపిక.

9

జరగని చరిత్ర ఇంత చెప్పాక జరగవలసినది చెప్పకపోతే అది నిజంగానే ఊసుపోక ఆడే ఆట అవుతుంది.

ఒకటి. చందమామ పాత సంచికలు ప్రజల ఆస్తి కావాలి. గ్రంథాలయ సెస్సు వసూలు చేసే ప్రభుత్వాలు, తెలుగు పేరుతో నడిచే విశ్వవిద్యాలయాలు ఉన్నాయి. ఒక అప్పుల కంపెనీ జప్తు ఆస్తిలోంచి ఒక భాష బాల్యాన్ని విడిపించడం వాటికి మించిన పని కాదు. విడిపించి, అన్ని భాషల సంచికల్నీ ఎవరైనా చదువుకునేలా శాశ్వతంగా ఉంచాలి.

రెండు. పేర్లు రాయాలి. ఏ సీరియల్ ఎవరిది, ఏ బేతాళ కథ ఎవరిది, ఏ అనువాదం ఎవరిది అన్న పట్టిక తయారుకావాలి. పేరులేని రచనకు ప్రచురణ జరిగిన ఏడాది నుంచి 60 ఏళ్ళే రక్షణ. కర్త ఎవరో గడువులోగా వెల్లడైతే ఆయన మరణం నుంచి 60 ఏళ్ళు. పేరుకు చట్టంలో ఇంత బరువుంది. సాహిత్య చరిత్రలో అంతకంటె ఎక్కువ ఉంది.

మూడు. ఇవాళ రాస్తున్నవాళ్ళ సంగతి. కథను ఆడియోకు, సిరీస్‌కు, ఆటకు తీసుకుంటామని సంస్థలు వస్తున్నాయి. "ఇప్పుడున్న, ఇకముందు రాబోయే సమస్త మాధ్యమాలకు" అన్న వాక్యం ఒప్పందంలో పెట్టి, ఒక్కమొత్తం చేతిలో పెడుతున్నాయి. 2012లో సవరించిన చట్టం ప్రకారం, ఒప్పందంలో ప్రత్యేకంగా రాస్తే తప్ప, ఆనాటికి లేని మాధ్యమానికి ఆ బదిలీ వర్తించదు. ఆ ప్రత్యేకమైన మాట రాయించుకోవడానికే ఆ వాక్యం. రచయితల సంఘాలు ఒక నమూనా ఒప్పందాన్ని తెలుగులో తయారుచేసి ప్రతి సభ్యుడి చేతిలో పెట్టాలి. కవిసమ్మేళనాల ఖర్చులో పదోవంతు చాలు.

బేతాళుడి ప్రశ్న ఎప్పుడూ ఒక్కటే. ఇందులో దోషం ఎవరిది? అమ్మినవాడిదా, కొన్నవాడిదా, అప్పిచ్చినవాడిదా, పేరు రాసుకోని రచయితదా, పట్టించుకోని సంఘాలదా? మొదటి ముగ్గురూ తమ తమ వర్గధర్మం ప్రకారం నడుచుకున్నారు. వాళ్ళనుంచి వేరే ఆశించడం దండగ. రచయిత ఒంటరివాడు. మిగిలినది సంఘం. జవాబు తెలిసి కూడా మనం ఇన్నాళ్ళూ మౌనంగానే నడిచాం.